బొంబాయి – మద్రాసు ఆకాశమార్గము

బొంబాయి జుహూ మైదానమునుండి మద్రాసు మీనంబాకమువరకు భూగోళముమీద సూటిగా ఒక గీత గీచినచో దాని పొడవు సుమారు 644 మైళ్లు. నేటి కొలతలో 1,036 కిలోమీటర్లు. ఆ గీత సహ్యాద్రిని దాటి, బిజాపురపు పొలిమేరలను తాకి, కృష్ణను, తుంగభద్రను గడచి, ఆదవానికిని గుంతకల్లునకును నడుమగా సాగి, కడప సీమమీదుగా తిరుపతి కొండలను చేరి, అక్కడినుండి మద్రాసులో దిగును. దానిలో ఐదింట రెండుపాళ్లకు దగ్గరగా తెలుగునేలమీదనే యున్నది. నగరముల పేర్లు 1995లో ముంబయిగను, 1996లో చెన్నైగను మారినవి కాని గీత మాత్రము మారలేదు.

అయినను ఈ గీతవెంట నడచినవారు చరిత్రలో మిక్కిలి అరుదు. ఒక్కొక్క కాలమువారు ఒక్కొక్క వంకర దారిని పోయిరి. దారి పొడవు తగ్గినకొద్దియు ప్రయాణకాలము తగ్గెననుకొనుట సహజమే గాని, ఈ రెండు నగరముల విషయమున జరిగినది దానికి కొంత విరుద్ధముగా నున్నది. విమానము మిక్కిలి సూటిగా ఎగిరిన దినములలో ఉత్తరము ఆలస్యముగా చేరినది; మిక్కిలి చుట్టు తిరిగిన దినములలో వేగముగా చేరినది. ఈ వింతకు కారణము గాలిలో లేదు, నేలమీది ఏర్పాట్లలో నున్నది.

అసలు దూరమెంతయో తెలియుటకే చాలకాలము పట్టెను. దక్షిణాపథపు పటములు పందొమ్మిదవ శతాబ్దారంభమువరకు బాటసారుల దినప్రయాణములను, ఓడల అంచనాలను ఆధారముగా గొని గీచినవే. 1802 ఏప్రిలులో విలియం లాంబ్టన్ మద్రాసు చెంత పరంగికొండ యొద్ద ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కుగొలుసుతో కొలిచి, దానిపై త్రిభుజములు పేర్చుకొనుచు పడమటి తీరమునకు పోగా, మద్రాసు మంగళూరుల నడుమ 400 మైళ్లు గలవని పటములు చెప్పుచుండిన వెడల్పు నిజమునకు 360 మైళ్లేయని తేలినది. ఒక్క కొలతతో ద్వీపకల్పము నలువది మైళ్లు కుంచించుకొనిపోయెను! ఆ సంవత్సరమే మద్రాసు నక్షత్రశాలలో గోల్డింగ్‌హాం ఆ నగరపు రేఖాంశమును నిర్ణయించి, గ్రీనిచ్ కంటె మద్రాసు గడియారము 5 గంటల 21 నిమిషములు ముందుండవలెనని లెక్కగట్టెను. దూరమును కాలమును ఒకే ఊరిలో ఒకే ఏట పట్టుబడినవనవచ్చును.

కొలత తెలిసినంతమాత్రమున ప్రయాణము సులభము కాలేదు. సముద్రముమీద పోవు ఓడకు రెండు తీరముల నడుమ అడ్డదారి లేదు. పాంబను యొద్ద నీరు లోతు చాలనందున పెద్ద ఓడ సింహళద్వీపమును చుట్టి రావలెను. ఋతుపవనము ఎదురైనచో రేవులోనే నిలిచిపోవలెను. మెట్టదారిలో టపాను మోయువారు మజిలీ మజిలీకి సంచి మార్చుకొనుచు ఘట్టములెక్కి దిగుచు పరుగెత్తెడివారు. జాబు వచ్చుట దినములలోగాక వారములలో లెక్కింపబడు కాలమది.

రైలుమార్గము వేరొక గీతను గీచినది. బొంబాయినుండి ఠాణాకు 1853లోను, మద్రాసు రాయపురమునుండి వాలాజా రోడ్డునకు 1856లోను మొదలైన రెండు ఇనుపదారులు ఒకదానికొకటి ఎదురుగా పెరుగుచు వచ్చినవి. బోర్ ఘట్టపు ఏటవాలును 1863లో జయించిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీవారు పూనా, షోలాపురములమీదుగాను, మద్రాసు కంపెనీవారు రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు, ఆదవానిమీదుగాను వచ్చి 1871లో రాయచూరులో కలిసికొనిరి. పట్టాల పొడవు 794 మైళ్లు. అనగా సూటి గీతకంటె 150 మైళ్లు ఎక్కువ. అయినను వారములు పట్టిన దారి ఒక పగలు ఒక రాత్రియు, మరికొన్ని గంటలును మాత్రమే అయ్యెను. ఈ మార్గమున అంతకుముందెన్నడును జరుగనంతటి మార్పు అదే. విమానము తరువాత తెచ్చినదంతయు దాని ముందు స్వల్పమే.

రైలువలన ఒక చిత్రమైన చిక్కు గూడ వచ్చెను. సూర్యుడు మద్రాసు నెత్తిమీదినుండి బొంబాయి నెత్తిమీదికి వచ్చుటకు అరగంట పట్టును. కాలినడకవానికి ఈ అరగంటతో పనిలేదు. పట్టాలమీద ఎదురెదురుగా బండ్లు నడుపువారికి అది ప్రాణముతో చెలగాటము. అందుచే 1870 ప్రాంతమున రైల్వేలు మద్రాసు కాలమును స్వీకరించినవి. నక్షత్రశాలనుండి తంతితీగమీద గంట కొట్టుచుండ బొంబాయి స్టేషనులోని గడియారమును దానినే అనుసరించెను. ఊరి గడియారము మాత్రము తన మధ్యాహ్నమును తాను విడువలేదు. 1881లో గవర్నరు సర్ జేమ్స్ ఫెర్గూసన్ నగరమంతటికిని మద్రాసు కాలమును రుద్దజూచి, ప్రజలు వినకపోగా రెండేండ్లలో వెనుకకు తీసికొనవలసివచ్చెను. 1906 జనవరి 1వ తేదీన భారత ప్రామాణిక కాలము వచ్చిన తరువాతకూడ బొంబాయి పురపాలక సంఘము 39 నిమిషములు వెనుకబడిన తన బొంబాయి కాలమును 1955వరకు పాటించుచునే యుండెను. మొదటి టపా విమానము ఎగిరిననాడు ఆ నగరములో రెండు కాలములు నడచుచుండెనన్నమాట.

ఆ విమానపు కథ కరాచీలో మొదలగును. లండనునుండి కరాచీకి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి టపా 1929లో నడక మొదలిడెను. ఏడు దినముల ప్రయాణము, అందులో కొంత రైలుమీద. కరాచీలో దిగిన సంచులు మరల రైలెక్కి బొంబాయికి, మద్రాసునకు వచ్చుచుండెను. గాలిలో గెలిచిన దినములను నేలమీద పోగొట్టుకొనుట యేల అని ఆలోచించినవాడు నెవిల్ విన్సెంట్ అను మాజీ సైనిక వైమానికుడు. ఆయన ఆలోచనను జె. ఆర్. డి. టాటా గ్రహించెను, 1929లో ఈ దేశమున మొదటి వైమానిక అనుమతిపత్రమును పొందిన యువకుడాయన. సర్ దోరాబ్జీ టాటా రెండు లక్షల రూపాయలు పెట్టుటకు సమ్మతించెను. ప్రభుత్వము ధనసహాయము చేయలేదు. టపా మోసిన కూలి మాత్రము చెల్లించుటకు 1932లో ఒప్పుకొన్నది.

1932 అక్టోబరు 15వ తేదీ ఉదయము ఆరున్నర దాటిన తరువాత టాటా ఒక పుస్ మాత్ విమానమును తానే నడుపుకొనుచు కరాచీ విడిచెను. ఒకే యంత్రము, గంటకు వంద మైళ్లకు కొంచెము మించిన వేగము, ఎదుట దిక్సూచి, ఒడిలో పటము, రేడియో లేదు. అహమ్మదాబాదులో దిగగా ఇంధనపు డబ్బాలు ఎడ్లబండిమీద వచ్చినవి. మధ్యాహ్నము రెండు గంటలకు కొంచెము ముందు జుహూలో వాలెను. అక్కడ సంచులందుకొని విన్సెంట్ రెండవ విమానములో ఆ మధ్యాహ్నమే బయలుదేరి సాయంకాలమునకు బళ్లారి చేరెను. రాత్రి బళ్లారిలో గడచెను. మద్రాసునకు టపా మరునాడు, 16వ తేదీన చేరినది.

ఈ బళ్లారి మజిలీని గురించి కొంచెము నిలిచి ఆలోచింపవలసియున్నది. పటముమీద చూచినచో అంతకంటె తగిన స్థలము దొరకదు. బొంబాయినుండి బళ్లారికి సుమారు 382 మైళ్లు, బళ్లారినుండి మద్రాసునకు 265 మైళ్లు. బళ్లారిలో దిగి పోయినందువలన మొత్తము దారి పెరిగినది మూడు మైళ్లే. చిన్న విమానము ఒక్క పట్టున ఎగురగలిగిన దూరము, చదునైన నల్లరేగడి మైదానము, వానలు తక్కువ, సైనిక శిబిరముండిన ఊరు: అన్నియు కలిసివచ్చినవి. ఆ కాలమున బళ్లారి మద్రాసు రాజధానిలోని జిల్లా పట్టణము. తెలుగు, కన్నడము రెండును వీథులలో సమముగా వినవచ్చు ఊరు. బొంబాయి మద్రాసుల నడుమ మనుష్యుడు రూపొందించిన దారులన్నిటిలోను ప్రకృతి గీచిన గీతకు మిక్కిలి దగ్గరగా వచ్చినది ఈ బళ్లారి దారియే.

అయినను లాభమెంత? గాలిలోనున్న కాలము ఆరు, ఆరున్నర గంటలు. మధ్యాహ్నము బయలుదేరిన సంచి మరునాటిగాని చేరలేదు. నేలమీద దీపములు లేవు, గాలిలో వార్త అందించు యంత్రము లేదు. కనుక చీకటి పడినచో విమానము నిలువవలసినదే. రైలుబండి రాత్రియంతయు గుంతకల్లు, కడపలమీదుగా పరుగెత్తుచుండగా, దానికి మూడు నాలుగింతల వేగముగల యంత్రము బళ్లారి మైదానములో నిద్రించుచుండెను. మెయిలుబండిపై సాధించిన గెలుపు కొన్ని గంటలే. వర్షాకాలములో జుహూ మైదానము నీట మునిగి, విమానములు పూనాకు తరలిపోవలసివచ్చెడిది. అప్పుడు బొంబాయి ఉత్తరము విమానమెక్కుటకు ముందు ఘట్టమెక్కవలసియుండెను.

నిజమునకు ఆ విమానము ఈ రెండు నగరముల ప్రజలకొరకు ఏర్పడినది కాదు. వారమునకొకసారి కరాచీకి లండను టపా వచ్చుటను బట్టి దాని తిథి వార నక్షత్రములు నిర్ణయమయ్యెడివి. బొంబాయి వర్తకుడు మద్రాసు వర్తకునికి వ్రాసిన జాబు ఆ వారము ఆ రోజున సిద్ధముగా నున్నచో ఎక్కును. లేనిచో రైలే గతి. అదనపు రుసుము వేరుగా చెల్లింపవలెను. లండను సేవకొరకు పుట్టిన దారికి బొంబాయి–మద్రాసు భాగము తోకవంటిది. కంపెనీవారి దక్షతను మాత్రము ఎవరును శంకింపలేదు. మొదటి సంవత్సరమున వారి విమానములు 1,60,000 మైళ్లు ఎగిరి, పదిన్నర టన్నులకు పైగా టపాను మోసి, అరువదివేల రూపాయల లాభమును చూపినవి. వేళ తప్పని ఆ సేవను ప్రభుత్వ విమానయాన శాఖ తన నివేదికలోనే మెచ్చుకొన్నది. ఆ ఏడాదిలో ఎక్కిన మనుష్యులు 155 మంది. ఉత్తరముల సంచుల నడుమ ఒదిగి కూర్చుండుటకు సిద్ధపడినవారు వారు.

ఆ దశాబ్దములోనే మార్గము బళ్లారిని విడిచి హైదరాబాదు వైపునకు తిరిగినది. ఆ మార్పువలన దారి సుమారు 718 మైళ్లయ్యెను. డెబ్బది మైళ్లకు పైగా అధికము. దూరమే ప్రధానమైనచో ఈ మార్పునకు అర్థము లేదు. కాని దేశములోని సంస్థానములన్నిటిలోను పెద్దదానికి రాజధాని హైదరాబాదు. టపా గలదు, ప్రయాణికులు గలరు, బేగంపేటలో మైదానము గలదు. గీతమీద నున్నంతమాత్రమున ఒక ఊరికి విమానము దిగదు, దిగుటకు పని యుండవలెను. బళ్లారికి ఆ పని కొన్నియేండ్లు మాత్రమే దొరకినది. 1938లో సామ్రాజ్య వైమానిక టపా పథకము వచ్చి, అదనపు రుసుము లేకుండ ఉత్తరములు పోవునపుడు, మార్గము మద్రాసును దాటి కొలంబోవరకు సాగినది. మరుసటి యేడు యుద్ధము రాగా ఆ పథకము ముగిసెను. ఈ దారికి మూలపురుషుడైన విన్సెంట్ 1942లో ఇంగ్లండునుండి తిరిగి వచ్చుచుండగా తానెక్కిన విమానముతోకూడ కనబడకపోయెను.

యుద్ధానంతరము సైన్యములు వదలిన డకోటాలు చవుకగా దొరకినవి. కంపెనీలు పుట్టగొడుగులవలె లేచినవి. హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్ వచ్చినది. మనుష్యులు ఎక్కుట మొదలిడిరి. అయినను సామాన్యుని ఉత్తరము మునుపటివలెనే రైలుమీద పోవుచుండెను. ఆ స్థితిని మార్చినది క్రొత్త యంత్రము కాదు, క్రొత్త ఏర్పాటు.

1949 జనవరి 30వ తేదీన రాత్రి టపా ఆరంభమయ్యెను. దాని వెనుక తంతితపాలా వ్యవహారముల మంత్రి రఫీ అహమ్మద్ కిద్వాయి పట్టుదల గలదు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నాలుగు నగరములనుండియు రాత్రివేళ ఒక్కొక్క విమానము బయలుదేరును. నాలుగును అర్ధరాత్రి ప్రాంతమున నాగపురమునకు వచ్చి చేరును. అక్కడ దీపముల వెలుగులో సంచులు దింపి, వేరుచేసి, ఒకదానినుండి మరియొకదానికి మార్తురు. తరువాత ప్రతి విమానమును తాను వచ్చిన ఊరికే తిరిగి తెల్లవారునప్పటికి పోవును. నాలుగు నగరములను రెండేసిగా కలుపవలెనన్నచో ఆరు దారులు కావలెను. నడుమ ఒక ఊరిలో కలిసికొన్నచో నాలుగు చాలును. ఇంత చిన్న గణితము దేశపు టపాను మార్చివేసినది.

ఇప్పుడు దూరమును లెక్కింపుడు. బొంబాయినుండి నాగపురమునకు సుమారు 426 మైళ్లు, నాగపురమునుండి మద్రాసునకు 562 మైళ్లు, మొత్తము 988. ఇది సూటి గీతకు ఒకటిన్నర రెట్లు. రైలుదారికంటె గూడ దాదాపు రెండువందల మైళ్లు ఎక్కువ. ఆగ్నేయమునకు పోవలసిన జాబు మొదట ఈశాన్యమునకు పోయి, పిదప దక్షిణమునకు తిరుగుచున్నది. గంటకు నూటయరువది మైళ్ల చొప్పున ఎగిరిన డకోటాకు గాలిలోనే ఆరు గంటలు దాటును. పుస్ మాత్ బళ్లారిమీదుగా తీసికొన్న కాలమునకు ఇది ఇంచుమించు సమానము. కాని రాత్రి బొంబాయిలో పెట్టెలో పడిన జాబు ఉదయము మద్రాసులో పంపకమునకు సిద్ధమయ్యెను. మొదటి విమానము నిద్రపోయిన గంటలలోనే ఈ విమానము ఎగురుచుండుటచేత కలిగిన లాభమిది. ఆ యేడు ఏప్రిలు 1వ తేదీనుండి దేశములోపలి ఉత్తరములు అదనపు రుసుము లేకయే విమానమెక్కునట్లు ప్రభుత్వము ఏర్పరచెను. వైమానిక టపా అను మాట అప్పటినుండి ధనికుల మాట కాకపోయెను.

ఈ దారిలో మద్రాసునుండి నాగపురమువరకు గల భాగము తెలుగువారికి కొత్తది కాదు. 1830 మే 18న మద్రాసునుండి కాశికి పల్లకిలో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుపతి, కడప, హైదరాబాదులమీదుగా పోయినది నాగపురమునకే. బోయీల మార్పు, నీటి వసతి, సత్రము, బియ్యపు ధర మొదలైనవి మజిలీ మజిలీకి ఆయన తన కాశీయాత్రచరిత్రలో వ్రాసిపెట్టెను. నూటయిరువది యేండ్లకు లోపుగా ఆ దూరము మూడున్నర గంటల రాత్రి ప్రయాణమైనది. విమానములో పోయినవారెవ్వరును అంతటి గ్రంథమును వ్రాసినట్లు కనబడదు. చీకటిలో వ్రాయుటకు వారికేమి కనబడును?

చీకటికి మూల్యము గూడ చెల్లింపవలసివచ్చెను. 1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్సును ప్రభుత్వము నెలకొల్పిన నాలుగు నెలలకు, డిసెంబరు 12 వేకువన, నాగపురమున లేచిన రాత్రి టపా విమానమొకటి లేచిన కొద్ది నిమిషములలోనే కూలిపోగా పదముగ్గురు మరణించిరి. మర్నాడు ఉదయము ఉత్తరము చేతికందిన గృహస్థునకు దాని వెనుకనున్న నడిరేయి పని ఎట్టిదో తెలియుటకు అట్టి వార్తలే అవకాశమిచ్చుచుండెను. వైమానికులు, యంత్రజ్ఞులు, సంచులు వేరుచేయు టపా గుమాస్తాలు వారమునకు వారము రాత్రిని పగలుగా చేసికొని నడిపిన ఏర్పాటది. దేశపు టపా చరిత్రలో వీరికి దొరకిన పుటలు చాల తక్కువ.

ఆ తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1957లో వైకౌంట్ విమానములు, 1964లో కారవెల్ జెట్లు, 1970లలో బోయింగులు వచ్చినవి. లోపల గాలిని అదిమి ఉంచు ఏర్పాటుండుటచే అవి మేఘములపైన ఎగురగలిగినవి. మధ్య మజిలీ అక్కరలేకపోయినది. బొంబాయి మద్రాసుల నడుమ గీత మరల సూటి అయ్యెను. ప్రయాణము రెండు గంటల ప్రాంతమునకు దిగి అక్కడనే నిలిచిపోయినది. నేటి విమానము అరువదియేండ్ల వెనుకటి జెట్టుకంటె ఈ దారిని చెప్పదగినంత వేగముగా పోవుటలేదు. తనిఖీలకు, వరుసలకు, నగరమునుండి విమానాశ్రయమునకు పోవుటకు పట్టుకాలము చేర్చినచో పెరిగినదనియే చెప్పవచ్చును. నాగపురపు నడిరాత్రి కూడలి 1970లలో ముగిసినది.

1982 అక్టోబరులో, మొదటి టపాకు ఏబది యేండ్లు నిండిన సందర్భమున, డెబ్బదియెనిమిదేండ్ల టాటా పాతకాలపు లెపర్డ్ మాత్ విమానమును నడుపుకొనుచు కరాచీనుండి అహమ్మదాబాదుమీదుగా మరల జుహూలో దిగెను. నగరమంతయు ఆయనను గౌరవించినది. ఆ స్మారకయాత్ర బొంబాయితో ముగిసినది. విన్సెంట్ నడిపిన రెండవ సగమునకు, బళ్లారి మైదానములో గడచిన ఆ రాత్రికి, ఉత్సవములో చోటు లేదు. బళ్లారి అప్పటికి మద్రాసు రాష్ట్రములో లేదు. 1953 అక్టోబరు 1న ఆ జిల్లాలోని ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకును, పట్టణముతో మిగిలినది మైసూరునకును పోయినవి. బొంబాయినుండి మద్రాసునకు సూటిగా పోవు విమానములు ఆ సరిహద్దుమీదుగా, బళ్లారికి కొంచెము ఉత్తరముగా, ఆదవానికి కొంచెము దక్షిణముగా, దిగకుండనే సాగిపోవుచున్నవి.